బిందె మీద గంగ

1986లో ఆర్మూర్ బస్టాండు దగ్గర మాది స్టీలు సామాన్ల దుకాణం. ఎండాకాలమంతా ఒకవైపు పసుపు బండ్ల దుమ్ము, ఇంకోవైపు పెళ్లిళ్ల గిరాకీ. గిన్నెలు అమ్మడం కంటే వాటి మీద పేర్లు కొట్టడమే నన్ను అరగదీసింది. ఎంగ్రేవింగ్ మిషన్ అంటే పెన్నులా పట్టుకుని స్టీలు మీద అక్షరాలు గీసే కరెంటు పనిముట్టు. సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కి అన్నం కలుపుకోవడం కూడా కష్టమయ్యేది.

ఎక్కువగా ఆడపిల్లల పేర్లే. వాటిలో గంగ మరీ ఎక్కువ. మా వైపు గంగ అంటే కాశీలో పారేది కాదు, పోచంపాడు దగ్గర మేం మునిగే గోదావరే. ఒడ్డు ఊళ్లలో గంగకు మొక్కుకుంటే పుట్టిన పిల్లకు ఆ పేరే పెడతారు. గంగ పేరున్న ఆడది మొండిదని, మనసు మాత్రం చల్లనిదని అంటారు. నేను చూసిన గంగల్లో అన్ని రకాలూ ఉన్నారు, బేరమాడనివాళ్లు మాత్రం లేరు.

ఆ ఏడు మెండోర ఊరి పిల్ల గంగ పెళ్లికి సామాన్లన్నీ మా దగ్గరే కొన్నారు. పేర్లు నేనే కొట్టాను. నెల తిరక్కుండానే ఆమె అత్త ఆ సామాన్లన్నీ ఆటోలో వేసుకొచ్చింది. వెనకాల కోడలు, చంకలో బిందెతో.

"సేటూ, గీ పేరు తీసేసి భాగ్య అని కొట్టు."

"ఏమైందవ్వా?"

"నా పేరు గూడ గంగనే. నా కొడుకు 'ఏ గంగా' అని పెండ్లాన్ని పిలిస్తే నన్ను పిలిచినట్టుండదా? నేను దాన్ని తిడితే నన్ను నేను తిట్టుకున్నట్టే. గందుకే పేరు మార్చినం."

అత్త పేరే ఉన్న కోడలికి పేరు మార్చడం ఇక్కడ మామూలే. "గంగ పేరోళ్లు మొండోళ్లంటరు గద అవ్వా?" అని నవ్వులాటకన్నాను.

"గందుకే ఇంటికొక్కతి సాలు" అంది.

కోడలు నవ్వలేదు. "భాగ్యా, బిందె ఇయ్యి" అని అత్త అంటే తిరిగి చూడలేదు. రెండోసారి పిలిచాక కదిలి, బిందె నా ముందు పెట్టి అంది:

"సేటూ, గీ బిందె ఒక్కటి ఇడిసిపెట్టరాదు? మా అవ్వ గంగకు మొక్కి పెట్టిన పేరు."

"ఒక్కటి ఇడిసిపెడితే అన్ని ఇడిసినట్టే" అంది అత్త. ఆ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

బఫింగ్ చేశాను. తిరిగే గుడ్డ చక్రానికి ఆనించి స్టీలును రుద్దడమే బఫింగ్. అక్షరాలు పోతాయి గానీ, రేకు పలచబడి అక్కడ మచ్చ మిగులుతుంది. పక్కన భాగ్య అని కొట్టాను. ఆ పిల్ల మచ్చ మీద వేలు పెట్టి చూసుకుంది. నాకు బాధేసింది. కానీ అప్పటికే ఇంకో పెళ్లివాళ్లు వచ్చి నిలబడ్డారు.

మళ్లీ తొంభైల్లో, ఆమె అదే బిందె పట్టుకుని వచ్చింది, వెంట చిన్న కూతురితో. భర్త దుబాయిలో ఉన్నాడు, అత్త పోయింది. పోయిన నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టడం మా దగ్గర ఆనవాయితీ.

"సేటూ, గా మచ్చ మీదనే గంగ అని కొట్టు. నా బిడ్డ పేరు."

"రేకు పల్చగున్నది బిడ్డా, బొక్క వడ్తది."

"పడితే పడనీ."

"మరి అత్త పేరు నువ్వు పలుకొచ్చా?"

"పలుకద్దనే అంటరు. మా ఆయన గూడ చిన్నీ అని పిలువుమన్నడు. నేను అత్త పేరు పలుకుతలేను సేటూ. నాది నేను పలుక్కుంటున్న."

చెయ్యి తేలిక చేసి, ఊపిరి బిగబట్టి కొట్టాను. బొక్క పడలేదు. ఆమె బిందె చంకన పెట్టుకుని "గంగా, దా" అంది. పిల్ల ఒక్క పిలుపుకే పరుగెత్తుకొచ్చింది.

పేరు కొట్టడమైనా చెరపడమైనా చేతిపనే అనుకుని అన్నేళ్లు గడిపాను. చెరిపిన పేరు ఎక్కడికీ పోదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడెవరైనా కోడలి పేరు తీసేయమని వస్తే, బఫింగ్ మిషన్ పాడైందని చెప్పి, కొత్త పేరు పక్కన కొట్టి పంపిస్తున్నాను.