సగం ఫినాయిల్ సీసా

ఫిలింనగర్‌లో మా పై పోర్షన్‌లో అద్దెకుండే అమ్మాయి ఉద్యోగం, ఇల్లు కడిగే మందులతో చెరువుల్లో చేపలకు ఎంత ముప్పో తేల్చడం. నేను బకెట్లో ఫినాయిల్ పోస్తుంటే చాలు, మెట్లమీదే ఆగిపోయేది.

"ఎంత పోసినవక్కా? ఎటు పోతది?"

"డ్రైనేజీలోకి! అసలిది మంచిదా, చెడ్డదా? ఒక్కమాట చెప్పు తల్లీ," అని విసుక్కునేదాన్ని.

"విషమే. ముప్పా అంటే మాత్రం ఎంత పోసినవో, ఎటు పోతదో చూడాలె."

నాకు బుర్ర తిరిగిపోయేది.

ఇల్లు ఖాళీ చేసేరోజు తన బాత్రూంలో మిగిలిన సగం సీసా నా చేతిలో పెట్టింది. ఆ పిల్ల కూడా వాడుతోందన్నమాట!

"పారబొయ్యకక్కా."

"అయితే వాడెయ్యనా?"

మెట్లు దిగబోతూ ఆగి, "ఎంత?" అంది.

ఆ సీసా ఇప్పటికీ సింకు కిందే ఉంది. వాడినా చెరువుకే, పారబోసినా చెరువుకే. మూత తియ్యబోతూ మెట్లవైపు చూస్తాను.