బాపు మోకాలికి సాక్షులు

మా బాపుకు నోరు ఆగదు. ఆ నోటి వల్లే ఆయన మోకాలి ఆపరేషన్ చేజారబోయింది.

మాది చెల్పూర్ పక్కన చిన్న ఊరు, తాతల నాటి నుంచి కల్లు గీసే ఇల్లు. దాంతోనే గడవక బాపు భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు కింద ఎరువుల గోదాములో హమాలీ పనికి కుదిరాడు. అయినా తెల్లవారకముందే మోకు భుజాన వేసుకుని తాటిచెట్టు ఎక్కి, కల్లు దించి, అప్పుడే పనికి పోయేవాడు. పోయిన వానాకాలం లారీ మీది నుంచి బస్తా దించుతుంటే కాళ్ల కింద చెక్క జారి పడ్డాడు. మోకాలు ఉబ్బిపోయింది.

దవాఖానలో డాక్టరు, ఈ కాలికి ముందెప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడగడమే ఆలస్యం, బాపు ముఖం వెలిగిపోయింది. మా ఇళ్లలో చెట్టు మీది నుంచి పడి, లేచి, మళ్లీ ఎక్కినవాడంటే మామూలు గొప్ప కాదు. పెళ్లిళ్లలో ఆ ముచ్చట అడిగి మరీ చెప్పించుకుంటారు. బాపు నొప్పి మరిచిపోయి, పెళ్లికి ముందు తాను పడ్డ వైనమంతా చేతులు తిప్పుతూ చెప్పాడు. డాక్టరు ఓపికగా విని, ఈ మోకాలికి పాత దెబ్బ ఉందని రాశాడు.

ఇంకేముంది, పాత దెబ్బకు ఆపరేషన్ ఖర్చు నేనెందుకు పెట్టుకోవాలి అన్నాడు కాంట్రాక్టరు. ఆపరేషన్ కాకపోతే బాపు బస్తా ఎత్తడం అటుంచి, సరిగ్గా నడవనూ లేడు. అమ్మ పొద్దస్తమానం ఆయన నోటినే తిట్టింది. బాపు మాట్లాడడం మానేశాడు. ఆయన తిట్టినా భరిస్తాను గానీ, ఆ మౌనం నాకు భయం పుట్టించింది.

లేబర్ ఆఫీసు మెట్లెక్కాను. అక్కడి ఆఫీసరమ్మ విషయం తేల్చి చెప్పింది: పాత దెబ్బ ఉన్నా, పనిలో పడడం వల్లే అది ముదిరిందని తేలితే ఆపరేషన్ ఖర్చు పని ఇచ్చినవాడిదే. పడేవరకు కాలు బాగుందని చెప్పేవాళ్లను తీసుకురమ్మంది.

సాక్షులకేం కొదవ? సగం ఊరికి ఆయన చెట్టు కిందే తెల్లవారేది. కానీ సాక్ష్యం చెప్పాలంటే పొద్దున్నే కల్లు తాగామని ఆఫీసులో ఒప్పుకోవాలి. షుగరు తగ్గాలని నడకకు పోతున్నానని ఇంట్లో చెప్పేవాళ్లే అందులో ఎక్కువ. ఒకరినొకరు చూసుకుని, గొణుక్కుని, చివరికి ఆటో నిండా వచ్చారు.

కాంట్రాక్టరు తరఫున గోదాము మేస్త్రీ వచ్చాడు. బాపు ముందు నుంచీ కుంటేవాడని చెప్పడానికి వచ్చిన మనిషి. గదిలో ఆ గుంపును చూసి తల దించుకున్నాడు. ఆఫీసరమ్మ అడిగేసరికి నోరు విప్పాడు.

"అబద్ధం ఎట్ల చెప్పాలె మేడం. గాయన పొద్దుగాల చెట్టెక్కి, నాకింత కల్లు పోసినంకనే డ్యూటీకి వచ్చేటోడు. లారీ కాడ పడ్డంకనే కాలు గిట్లయింది."

గది గొల్లుమంది. ఆఫీసరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నాకైతే మేస్త్రీ కాళ్లు మొక్కాలనిపించింది. ఆపరేషన్ ఖర్చుకు కాంట్రాక్టరు ఒప్పుకోక తప్పలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. బాపును మొదటిసారి నిలబెట్టిన రోజు నర్సు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. చెట్టంటే జంకని మనిషి నేల మీద అడుగు వేయడానికి వణికాడు. నలుగురి ముందు ఏనాడూ బాపు పక్కన కూర్చుని ఎరగని అమ్మ, వార్డులో అందరూ చూస్తుండగా ఆయనకు ఎదురుగా వెళ్లి, పసిపిల్లను పిలిచినట్టు రెండు చేతులూ చాపింది.

"రా అయ్యా, నేనున్న."

బాపు మా ఇద్దరి చేతులూ వదిలించుకుని అమ్మ దాకా నడిచాడు.