పల్లవి దాటని మాస్టారు

గాజువాకలోని మా చర్చిలో పాటలు నేర్పే మాస్టారు పగలు ఉక్కు కర్మాగారంలో కమ్మీల కొలతలు తనిఖీ చేసేవారు. సాయంత్రం మా గొంతులు తనిఖీ చేసేవారు. ఎవరి శ్రుతి కాస్త జారినా హార్మోనియం మీంచి అరచెయ్యి పైకి లేచేది. "మళ్ళీ మొదట్నుంచి."

ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనలో మా బృందానికి మొదటిసారి పాట ఇచ్చారు. ఊరందరికీ తెలిసిన పాత పాటే. పండగ నాలుగు రోజులుందనగా మాకు పల్లవి వచ్చింది. మూడు చరణాలు కూడా ఉన్నాయని వినికిడి.

"ఏటి మాస్టారూ, మనం పల్లవిలో ఉండగానే యేసయ్య పుట్టీసి పెద్దోడైపోయేలాగున్నాడు," అంది మాతో పాడే టీచరమ్మ. "రోజుకో సరణం ఎలాగొస్తే అలాగ పాడీద్దాం. తప్పులు తర్వాత సూసుకుందాం."

"తప్పుతో ముందుకెళ్తే అదే అలవాటైపోద్దమ్మా. మళ్ళీ."

ఆయన్ని తిట్టుకోవడంలో మాత్రం మాకు మొదటిరోజే శ్రుతి కుదిరింది.

పండగనాడు కిక్కిరిసిన చర్చిలో పల్లవి అద్భుతంగా పాడాం. రెండుసార్లు. పరువు కాపాడుకోవడానికి మూడోసారి కూడా అదే ఎత్తుకోబోతుంటే, టీచరమ్మ చరణం అందుకుంది. పుస్తకాలు తిప్పుకుంటూ, తలో దారిన, మేమూ ఆమె వెనకాల పడ్డాం. మాస్టారి చెయ్యి లేచింది. ఈలోగా చర్చంతా మాతో పాడడం మొదలెట్టింది. అంతమందిని మళ్ళీ మొదట్నుంచి పాడమనడం ఆయనవల్ల కూడా కాలేదు. చెయ్యి మెల్లగా దించి, ఆయనా గొంతు కలిపారు.

ఆయన దగ్గర నేర్చుకుంటున్న మూడేళ్ళలో, హార్మోనియం వాయించడమే తప్ప ఆయన పాడగా వినడం అదే మొదలు. అందరికంటే గట్టిగా పాడారు. శ్రుతి విషయంలో మాత్రం మాలో ఒకరు.