ఎర్ర లైనింగు ఉన్న నల్లగుడ్డ

1999 నవంబరులో మా రాజమండ్రి స్టూడియో నన్ను మొదటిసారి అవుట్‌డోరు పనికి పంపింది. అంతకుముందు డార్క్‌రూములో ప్రింట్లు కడగడం, కడియం నర్సరీల కేటలాగులకి స్టూడియోలోనే పూలమొక్కల ఫొటోలు తీయడం నా పని. ఈసారి సామర్లకోటలోని ఒక సరుకు రవాణా ఏజెన్సీ కేలండరుకి, తూర్పు కనుమల ఘాట్ లైనులో కొండ దిగే గూడ్సుదీ ఎక్కే పాసింజరుదీ ఫొటోలు కావాలి. గూడ్సు ఫొటో బాగా వస్తే ఇకమీదట అవుట్‌డోరు నాది, లేకపోతే మళ్లీ డార్క్‌రూమే అని స్టూడియో యజమాని సత్యం మాస్టారు ముందే తేల్చేశారు.

"పూలమొక్క కదలదమ్మా. రైలు నీకోసం ఆగదు," అని దారిపొడుగునా అంటూనే ఉన్నారు.

కేలండరు పెద్దది కాబట్టి చెక్క ఫీల్డు కెమెరా తీసుకెళ్లాం. దాని వెనక గరుకుగాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. పగటి వెలుతురులో అది కనబడాలంటే తలమీద నల్లగుడ్డ కప్పుకోవాలి. ఫోకస్ కుదిరాక ఫిల్ము హోల్డరు దూర్చాలి. ఒక హోల్డరుకి ఒక్కటే ఫొటో. రెండోది పెట్టేలోపు ఇంజను దాటిపోతుంది.

రైల్వే తరఫున మాకు తోడొచ్చిన ట్రాక్ ఇన్‌స్పెక్టరు గారు మమ్మల్ని సొరంగానికి ఎదురుగా, మలుపులో ఒక రాతిగట్టు మీద నిలబెట్టారు. అది సింగిల్ లైను. గూడ్సు దిగేదాకా పాసింజరు కింది స్టేషనులో ఆగి ఉంటుంది.

"ఎరుపు మాత్రం కనపడనివ్వకండమ్మా. అది చూసి డ్రైవరు లోడుతో దిగే బండికి ఇక్కడ ఒక్కసారిగా బ్రేకు వేస్తే పెట్టెల మధ్య కప్లింగు తెగినా తెగుతుంది," అన్నారాయన.

నాది ఆకుపచ్చ చీర. మాస్టారు తన చొక్కా చూసుకుని, "మాది తెలుపేనండి, ఒకప్పుడు," అన్నారు. గుడ్డ సంగతి ఇద్దరికీ తట్టలేదు. దాని లోపలి లైనింగు ఎరుపు. రోజూ తలమీద కప్పుకునే మాకు అది ఎప్పుడూ నల్లగుడ్డే.

పొగమంచు వీడింది. ఫోకస్ చూసి, గుడ్డ తీసి కెమెరా మీద వేసి, హోల్డరు దూర్చాను. సొరంగంలో హారను వినిపించింది. అంతలో లోయలోంచి లేచిన గాలికి గుడ్డ ఎగిరి, గట్టు కింద పొదమీద తిరగబడి పడింది. ఎర్రగా రెపరెపలాడుతోంది. ఇంజను బయటపడితే డ్రైవరుకి ముందు కనబడేది అదే.

మాస్టారు రెండు చేతులా ట్రైపాడ్ అదిమి పట్టుకుని ఉన్నారు. నొక్కితే ఫొటో పడే షట్టరు తీగ నా చేతిలో ఉంది.

"ఎక్కడికమ్మా? నొక్కు, నొక్కు!"

తీగ వదిలేసి గట్టు దిగాను. "పట్టాల వైపు వెళ్లకండి!" అని ఇన్‌స్పెక్టరు గారు అరుస్తున్నారు. గుడ్డ లాగి, ముద్దచేసి, దానిమీదే బోర్లా పడుకున్నాను. నేల అదిరింది. చక్రాల చప్పుడులో తేడా వస్తుందేమోనని వింటూ ఉన్నాను. రాలేదు. ఆఖరి వ్యాగను దాటాక తలెత్తితే, మాస్టారు అప్పటికి చేతికందిన తీగ పట్టుకుని ఖాళీ పట్టాల వైపు చూస్తున్నారు.

"గూడ్సు పోయిందిగా!" అన్నారు.

"ఆగకుండా పోయిందండి," అన్నాను.

తర్వాత పాసింజరు తీశాం, బాగానే వచ్చింది. కానీ ఏజెన్సీకి కావలసింది గూడ్సు. ఆర్డరు వేరే స్టూడియోకి పోయింది. నేను డార్క్‌రూముకి పోయాను. మాస్టారు మాత్రం ఆ వారంలోనే టైలరుని పిలిపించి, గుడ్డలన్నిటికీ లైనింగు కూడా నలుపే వేయించారు.

ఏడాది తర్వాత మళ్లీ నన్ను బయటికి పంపారు. బాబు పుట్టి ఉద్యోగం మానేదాకా ఒక పద్ధతి తప్పలేదు: కెమెరా నిలబెట్టాక, బండి వచ్చే వైపుకి నడిచి వెళ్లి, అక్కణ్ణుంచి మేము ఎలా కనిపిస్తున్నామో చూసుకున్నాకే ఫోకస్ మొదలుపెట్టేదాన్ని.