బెల్లంకొట్టు మేడమీది శ్రోత

నాగరత్నానికి సాహిత్య సభలంటే చెవి కోసుకునేంత ఇష్టం. చెవి కోసుకుంటే ఇక వినేదెలాగని అడక్కండి. ఆవిడకి ఉన్నదల్లా వినడమొక్కటే. పదేళ్ళపాటు ఊళ్ళో జరిగిన సభ ప్రతిదీ విన్నది, ఒక్క సభకీ వెళ్ళలేదు.

రావులపాలెం నుంచి కాలవగట్టు పట్టుకుని లోపలికి వస్తే తగిలే ఊరు గంటిలంక. ఆ ఊరి బజారువీధిలో ఒక పక్క బెల్లంకొట్టు, కొట్టు మీద మేడ. సరిగ్గా దానికి ఎదురుగా శాఖా గ్రంథాలయం. మధ్యలో ఓ లారీ పట్టేంత వీధి. కొట్టూ మేడా నాగరత్నం భర్త మల్లేశ్వరరావువి. డెబ్భై రెండులో ఆవిడ కాపురానికి వచ్చేనాటికే గ్రంథాలయం చూరుకి ఓ మైకు గొట్టం కట్టి ఉంది. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం లోపల సభ జరిగేది. లోపల మాట్లాడినదంతా ఆ గొట్టంలోంచి వచ్చి తిన్నగా మేడ వసారాలో పడేది.

ఆ వేళకి బజారు సద్దుమణిగేది. అరటిగెలల లారీలు వెళ్ళిపోయేవి. కింద కొట్లోంచి బెల్లం వాసన మెట్లెక్కి వచ్చేది. నాగరత్నం చేటలో బియ్యం పోసుకుని ఏరడానికి కూర్చునేది. గొట్టం గరగరమని గొంతు సవరించుకుని "సభకు నమస్కారం" అనేది. ఇక అంతే. చేటలో బియ్యం ఏ గింజకా గింజ అలాగే ఉండిపోయేది. ఆ మాటలు సంధ్యవెలుగులో తేలుతూ వస్తుంటే, తను వసారాలో ఉందో, ఆ చెప్పే కథలోని ఊళ్ళో ఉందో ఆవిడకి తెలిసేది కాదు. కింద వీధి కూడా వీధిలా ఉండేది కాదు. మసగ్గా కాలవ పారుతున్నట్టూ, అవతలి గట్టున ఎవరో దీపం పెట్టుకుని తన కోసమే మాట్లాడుతున్నట్టూ ఉండేది.

అత్తగారు శ్యామలాంబ వసారా రెండో కొసన పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని జపమాల తిప్పుకుంటూ ఉండేది. "ఏంటో ఆ గొట్టం గోల. చెవులు చిల్లులు పడుతున్నాయి" అని విసుక్కునేది. విసుక్కునేదే తప్ప లేచి లోపలికి వెళ్ళేది కాదు.

కాపురానికొచ్చిన కొత్తలో నాగరత్నం ఒక్కసారి అడిగింది, ఎదురుగానే కదా, వెళ్ళి రానా అని. "మనిళ్ళల్లో ఆడవాళ్ళు లైబ్రరీకి వెళ్ళరమ్మా" అంది అత్తగారు. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఆ తర్వాత ఎవరూ కాదన్నదీ లేదు, ఈవిడ మళ్ళీ అడిగిందీ లేదు. అసలు సంగతేంటంటే, నాగరత్నానికి ఆ సభలో ఉన్న జనమంటే బెరుకు. ఎంత జనమో ఆవిడ చెవులకి తెలుసు. ముందు వరసలో ఓ పొడిదగ్గు ఉండేది. మంచి మాట పడ్డప్పుడల్లా "ఆహా" అనే ఓ బొంగురు గొంతు ఉండేది. కుర్చీని కిర్రు కిర్రుమనిపించే భారీ మనిషొకరు ఉండేవారు. వీళ్ళంటే మైక్కి దగ్గరగా ఉన్నారు కాబట్టి వినపడుతున్నారు, వీళ్ళ వెనక ఇంకెంతమందో! చప్పట్లు కొడితే గొట్టం అదిరిపోయేది, పెంకుల మీది పావురాలు లేచిపోయేవి. కిందికి వంగిన చూరు అడ్డమై, లోపలికి ఎవరెళ్ళేదీ మేడ మీదికి కనపడేది కాదు. తక్కువలో తక్కువ రెండొందల మంది ఉంటారని ఆవిడ లెక్క. అంతమంది చదువుకున్నవాళ్ళ మధ్యకి, ఎనిమిదో తరగతితో ఆపేసిన తను ఏ మొహం పెట్టుకుని వెళ్ళి ఏ కుర్చీలో కూర్చుంటుంది?

సభ చివర లైబ్రేరియన్ గోపాలకృష్ణమూర్తిగారు ఆ నెల చదవవలసిన పుస్తకాల గురించి చెప్పేవారు. అందరూ ఆయన్ని మాస్టారనేవారు. ఆయన చెప్పే తీరే వేరు. పుస్తకంలో కథ ఛస్తే చెప్పేవారు కాదు. "ఇది పొయ్యి మీద పాలు పెట్టి చదవకండి" అనేవారు. "ఇది వానలు పడేదాకా ఆగి చదవండి, ఎండల్లో చదివితే దీని సొగసు తెలీదు" అనేవారు. "ఎవరి మీదైనా కోపంగా ఉన్నప్పుడు దీన్ని మొదలుపెట్టండి, మూడో అధ్యాయానికి వచ్చేసరికి ఆ కోపం ఎవరి మీదో మర్చిపోతారు" అనేవారు.

నాగరత్నం ఆ మాటలు తుచ తప్పేది కాదు. వానల పుస్తకాన్ని తెప్పించి, బీరువాలో చీరల మధ్య దాచి, మబ్బు పట్టేదాకా ఎదురుచూసింది. తొలివాన చినుకు వసారా రెయిలింగు మీద పడ్డాకే మొదటి పేజీ తిప్పింది. పాల పుస్తకం సంగతి మాత్రం ఏంటో చూద్దామని పొయ్యి దగ్గరే తెరిచింది. పాలు పొంగాయి, పొయ్యి ఆరిపోయింది, అత్తగారు నానా మాటలూ అంది. ఆ మాటలు కూడా నాగరత్నానికి సగమే వినపడ్డాయి, పుస్తకం అంత బావుంది మరి.

పుస్తకాలు తెచ్చిపెట్టేది మల్లేశ్వరరావు. లైబ్రరీ కార్డు ఆయన పేరునే ఉంది. మనిషి మంచివాడే కానీ పంచాంగం తప్ప ఇంకో పుస్తకం తెరిచి ఎరగడు. మొదటిసారి పుస్తకం తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు మాస్టారు ఆశగా అడిగారు. "ఎలా ఉందండీ నవల?"

మల్లేశ్వరరావుకి కొట్లో అలవాటైన మాటే నోట్లోకి వచ్చింది. "సరుకు బావుందండి."

మాస్టారు ఆ మాటలో ఏదో లోతుందనుకుని తల పంకించారు. మల్లేశ్వరరావు ఇంటికొచ్చి చెమట తుడుచుకున్నాడు. "ఆయన మళ్ళీ అడుగుతాడే. ఈసారి ఏం చెప్పమంటావ్?"

"రచయిత చివర్లో తొందరపడ్డాడని చెప్పండి. బస్సు దొరకదేమోనని పెళ్ళిభోజనం మధ్యలో లేచిపోయినట్టుందని చెప్పండి."

ఆయన దాన్ని దారంతా వల్లించుకుంటూ వెళ్ళి పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆ తర్వాతి రెండో శనివారం గొట్టం అంది కదా, "మన ఊరి వర్తకమిత్రులొకరు ఈ నవల గురించి ఒక చక్కని మాటన్నారు. బస్సు దొరకదేమోనని పెళ్ళిభోజనం మధ్యలో లేచిపోయినట్టు..."

నాగరత్నం ఒళ్ళు ఝల్లుమంది. చేటలో బియ్యం ఒళ్ళో ఒలికిపోయాయి. తన మాట వీధి దాటి వెళ్ళి, ఆ సభలో అందరి మధ్యా కూర్చుని, మళ్ళీ వీధి దాటి తన దగ్గరికే వచ్చింది! అప్పటినుంచి నెలనెలా ఇదే తంతు. ఇంట్లో ఆవిడ అనడం, వీధవతల ఆయన అప్పజెప్పడం, గొట్టం ఊరికి వినిపించడం. తన మాటకి దొరికిన చోటు తనకీ దొరికితే బావుండునని ఆవిడకి ఉండేది. ఎక్కువ కాదు, ఒక్కసారి. ఎక్కడో వెనక వరసలో, గోడవారన.

ఎనభై రెండు శ్రావణంలో అలాంటి ఒక శనివారం. పొద్దున్నుంచీ ముసురు పట్టి, సాయంత్రానికి కాస్త తెరిపిచ్చింది. వీధిలో నీళ్ళు నిలబడి ఉన్నాయి. గొట్టం గరగరలాడింది. ఆ రోజు మాస్టారి గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు.

"వినేవాళ్ళు లేక ఈ సభలు ఇవాళ్టితో ఆపేస్తున్నాం. పదిమంది రాని సభకి మైకెందుకని అందరూ అంటున్నారు. కాదనడానికి నా దగ్గర జవాబు లేదు. ఆఖరి సభ గనక ఇవాళ నేను రాసిన కథ చదువుతాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదు."

నాగరత్నం చేట పక్కన పెట్టేసింది. ఆపేయడమేంటి? వినేవాళ్ళు లేకపోవడమేంటి? ఆ రెండొందల మందీ ఏమైపోయారు? ఆలోచించే వ్యవధి లేదు, కథ మొదలైంది.

ఉప్పాడలో ఓ నేతగాళ్ళ పిల్ల. పేరు రామతులసి. ఏడాదికేడాది సముద్రం ఒడ్డుని కోసుకుంటూ వాళ్ళ ఇంటి దగ్గరికి వస్తోంది. మగ్గం గుంటలో కూర్చుంటే కెరటాల చప్పుడు కాళ్ళకి తెలుస్తుంది. తను నేసిన చీర ఒక్కటైనా ఆ పిల్ల ఒంటిమీదకి రాలేదు, అన్నీ షావుకారు కొట్టుకి వెళ్ళేవే. ఈసారి మాత్రం తనకిష్టమైన రంగులో, తనకిష్టమైన అంచుతో నేసింది. తెల్లవారితే షావుకారు మనిషి వచ్చి పట్టుకుపోతాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు రామతులసి ఆ చీర కట్టుకుంది. మాస్టారి గొంతు మెత్తబడింది. నాగరత్నానికి వసారాలో ఉప్పుగాలి వీచినట్టయింది.

"చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చి..."

కరెంటు పోయింది. గొట్టం మూగబోయింది. వీధి వీధంతా చీకటైపోయింది.

చీకట్లో వసారా రెండో కొస నుంచి శ్యామలాంబ గొంతు వినిపించింది. "ఇదేంటే, పిల్ల గుమ్మంలో ఉండగా పోయింది?"

నాగరత్నం నిర్ఘాంతపోయింది. "మీరు వింటున్నారా అత్తయ్యగారూ?"

"చెవులు మూసుకుని ఎవరు కూర్చుంటారే. లాంతరు వెలిగించు. వెళ్ళి ఆ పిల్ల ఏమైందో కనుక్కురా."

"నేనా? మనిళ్ళల్లో ఆడవాళ్ళు..."

"ఆ మాటన్నది నేనేలే. ఇప్పుడు వెళ్ళమంటున్నదీ నేనే. నా మోకాళ్ళు బావుంటే నిన్ను బతిమాలేదాన్నా? ఇవాళ వదిలేస్తే ఇక చెప్పేవాళ్ళుండరు. విన్నావుగా, ఆపేస్తున్నారట."

నాగరత్నం లాంతరు పట్టుకుని మెట్లు దిగింది. నీళ్ళల్లో లాంతరు వెలుగు ఆవిడ కంటే ముందు నడిచింది. వసారాలోంచి చూసినప్పుడు వెడల్పుగా కాలవలా కనపడే వీధి, దిగి చూస్తే ఇంతేనా అనిపించింది. గ్రంథాలయం గుమ్మం దగ్గర మాత్రం ఆగి, చెంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఆవిడ లాంతరు పైకెత్తింది.

లోపల అన్నీ ఖాళీ కుర్చీలు. జనం అయిదారుగురు ఉంటారు. పొడిదగ్గు దగ్గుతున్నది రిటైరైన పోస్టుమాస్టరు బుల్లిరాజుగారు. ఆ బొంగురు "ఆహా" ఓ బక్కపల్చటి ముసలాయనది. కిర్రుమనే కుర్చీలో కూర్చున్నది భారీ మనిషేం కాదు, కుర్చీకే ఓ కాలు వదులు. మైకు పక్కన బంట్రోతు చంద్రరావు నిలబడి ఉన్నాడు. పెంకుల మీది పావురాల్ని లేపిన ఆ చప్పట్లన్నీ అతని రెండు చేతులవే.

"మిగతావాళ్ళేరండి?" అంది నాగరత్నం, తనకి తెలీకుండానే.

"ఇంతేనమ్మా. పదేళ్ళుగా ఇంతే" అన్నారు మాస్టారు. "మీరెవరు?"

"ఎదురు బెల్లంకొట్టువారి ఇంట్లోవాళ్ళమండి."

మాస్టారి మొహం విప్పారింది. "మల్లేశ్వరరావుగారి భార్యా? ఈ ఊళ్ళో నిజమైన చదువరి ఆయనొక్కరేనమ్మా. పుస్తకమిస్తే బెల్లం వాసనతో తిరిగొస్తుంది. ఏదో ఓ రోజు వస్తారని ముందు వరసలో ఆయన కోసం ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. ఇవాళైనా వస్తారనుకున్నాను."

నాగరత్నం ఆ కుర్చీ వంక చూసింది. చెప్పకుండా తిరిగి వెళ్ళిపోవచ్చు. ఇవాళ చెప్పకపోతే మరి ఇంకెప్పుడు చెప్తుంది?

"ఆయన చదవరండి. పంచాంగమొక్కటే చదువుతారు. పెళ్ళిభోజనం మాట నేను చెప్పి పంపిందండి. అన్నీ... నేను చెప్పి పంపినవేనండి."

బుల్లిరాజుగారు దగ్గు ఆపుకుని ఇటు తిరిగారు. మాస్టారు లేచి, ముందు వరసలోని ఖాళీ కుర్చీని పైపంచెతో తుడిచారు. "అయితే ఇది మీ కుర్చీయేనమ్మా. కూర్చోండి."

ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూర్చోబోయి ఆగింది. "మా అత్తయ్యగారు మేడ మీద ఎదురుచూస్తున్నారండి. రామతులసి ఏమైందో తెలిస్తే గానీ ఆవిడ అన్నం తినరు."

మాస్టారు కాగితాలు తీసుకుని వీధి అరుగు మీదకి నడిచారు. చంద్రరావు ఆ కుర్చీని మోసుకొచ్చి అరుగు మీద వేశాడు. నాగరత్నం అందులో కూర్చుని లాంతరు ఎత్తి పట్టుకుంది. మాస్టారు అందుకున్నారు. "చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చి..."

"కాస్త గట్టిగా చదవండి బాబూ, గొట్టం లేదుగా" అంది ఎదురు మేడమీది చీకటి.

"ఇటు పక్కకి కూడా వినపడాలండి" అని బట్టలకొట్టు మేడమీంచి మరో గొంతు.

"మొదట్నుంచీ చదవక్కర్లేదు మాస్టారూ, గుమ్మం దాకా విన్నాం" అని కిళ్ళీకొట్టు వెనకనించి ఇంకెవరో.

మాస్టారు కాగితాల్లోంచి తలెత్తి చూశారు. వీధి అటు చివరి నుంచి ఇటు చివరిదాకా చీకటి వసారాల్లో చిన్న చిన్న దగ్గులు, గాజుల చప్పుళ్ళు, పిల్లల్ని ఊరుకోబెట్టే గొంతులు. ఆయన పెద్దగా చదివారు. రామతులసి ఎక్కడికీ పారిపోలేదు. ఆ చీరతో కెరటాల్లో దూరం నడిచి, జరీ అంచంతా ఉప్పునీళ్ళల్లో తడుపుకుని ఇంటికొచ్చింది. తెల్లవారి షావుకారు మనిషి ఆ అంచు చూసి, పనికిరాదని విసిరేసి పోయాడు. ఇక ఆ చీర ఆ పిల్లదే అయింది.

"బాగా చేసింది" అంది శ్యామలాంబ పైనుంచి.

చప్పట్లు వినపడ్డాయి, మేడల మీంచీ అరుగుల మీంచీ. పావురాలు లేచాయి. నాగరత్నం ఇన్నేళ్ళూ చెవులతో లెక్కపెట్టిన రెండొందల మందీ ఆ చీకట్లో ఉన్నారు. బెల్లంకొట్టు అరుగు మీద కూర్చున్న మల్లేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, సరుకు బావుందండి" అన్నాడు. ఈసారి తనే విని చెప్పాడు పాపం.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అలవాటైన మాటే అన్నారు. "వచ్చే రెండో శనివారానికి చదవవలసిన పుస్తకాలు..."

నాగరత్నం లాంతరు తీసుకుని మేడెక్కేసరికి శ్యామలాంబ అన్నం ముందు కూర్చుని ఉంది.

"కుర్చీ ఎలా ఉందే?"

"బావుందండి అత్తయ్యగారూ."

"ఊఁ. వచ్చే నెల వెళ్ళినప్పుడు, ఆ గొట్టం మూతి ఇంకాస్త నా వైపు తిప్పమని చెప్పు."