ఆ ముసలమ్మ ఉప్పును ఏం చేసింది

లూవియన్ అంటే చాలామంది అదేదో కొత్త కోవిడ్ రకం అనుకుంటారు. ఇప్పటి టర్కీ నేల మీద వేల ఏళ్ల కిందట బతికిన భాష అది. ఇక్కడ పరాయి దేశంలో, ఆల్బనీ క్యాంపస్‌లో కూర్చుని దాని మీద పీహెచ్‌డీ చేస్తున్నానంటే, మావాళ్లు ఇప్పటికీ “ఉద్యోగం వస్తుందా?” అనే అడుగుతారు.

నా పీకల మీదకు తెచ్చింది ఒకే ఒక్క క్రియ. నేను చదువుతున్న మట్టిపలక మీద, మంత్రం వేసే ముసలమ్మ ఒకామె జబ్బుపడ్డ బిడ్డ తల చుట్టూ ఉప్పు తిప్పుతుంది. ఆ తర్వాత ఆ ఉప్పును ఏదో చేస్తుంది. ఆ ‘ఏదో’ చెప్పే మాట మరే మట్టిపలక మీదా దొరకదు. నేను ‘నిప్పులో వేస్తుంది’ అని ధీమాగా రాసేశాను. మా ఇంట్లో దిష్టి తీస్తే ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలోకే పోయేవి మరి! తర్వాతి వాక్యంలో నీళ్లకుండ బయట పారబోస్తున్నారు కదా, నిప్పెక్కడిది అని అడిగారు మా ప్రొఫెసర్. తేల్చలేకపోతే ఆ అధ్యాయం తీసేయమన్నారు. అది పోతే నా థీసిస్‌లో మిగిలేది అట్టా, విషయసూచికా. ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే మా పాప ఏదో ఫంక్షన్ నుంచి వచ్చి ఒకటే ఏడుపు. అదే ఊళ్లో మౌంట్ ఆల్బర్ట్ పేటలో మేముండే ఫ్లాట్ పైనే ఇంటి ఓనరు ఆంటీ ఉంటుంది. ఫార్మసిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఏడుపు విని దిగొచ్చింది. గుప్పెట్లో కల్లుప్పు పట్టి, పాప చుట్టూ తిప్పి, గిన్నెడు నీళ్లలో వేసి కలుపుతూ నిలబడింది.

“పొయ్యిలో వెయ్యరా ఆంటీ?”

“భలేదానివే! ఆ స్మోక్ అలారం మోగి ఫైరింజన్ వస్తే నువ్వు సమాధానం చెప్తావా? అయినా ఉప్పయితే మా అమ్మ కూడా నీళ్లలోనే వేసేదమ్మా. అది కరిగినట్టు దిష్టి కరిగిపోవాలని.”

తర్వాత ఆ నీళ్లు పెరట్లో పారబోసింది. పలక మీది నీళ్లకుండ గుర్తొచ్చింది. ఆ ముసలమ్మ కూడా ఉప్పును నీళ్లలో కరిగిస్తోంది!

మర్నాడే అలా రాసి పంపాను. ప్రొఫెసర్ చదివి, ఆ అర్థం పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచమన్నారు. మా రంగంలో అంతకన్నా పెద్ద మెప్పు ఉండదు. అధ్యాయం బతికింది.

సాయంత్రం మైసూర్‌పాక్ పట్టుకుని పైకి వెళ్లాను.

“మీ పుణ్యమా అని గట్టెక్కాను ఆంటీ,” అంటూ కథంతా చెప్పాను.

ఆవిడ అంతా విని, “ఇంతకీ ఆ బిడ్డకి తగ్గిందా?” అంది.

“తెలీదాంటీ. పలక అక్కడితో విరిగిపోయింది.”

“తగ్గే ఉంటదిలే. తగ్గకపోతే అంత శ్రద్ధగా ఎందుకు రాసి పెట్టుకుంటారు?”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ బిడ్డ తల్లి తరఫున కూడా ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను.