ఆపరేషన్ థియేటర్‌లో నలుగురు సంగీతకారులు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, వానకాలం మొదట్లో నన్ను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి వేశారు. మాది ప్రైవేటు నర్సింగ్ హోం. దాని యజమాని, సర్జన్ అయిన డాక్టర్ వామనరావు సారు కామారెడ్డి ఆస్పత్రి నడుపుతూనే ఎల్లారెడ్డిలో చిన్న శాఖ తెరిచారు. మంగళ, శుక్రవారాలు అక్కడ ఆపరేషన్లు ఉండేవి. నా ఉద్యోగం థియేటర్ ఆయా. సర్జన్, మత్తు డాక్టరు, హెడ్ సిస్టర్, స్టాఫ్ నర్సు, ఆ తర్వాత నేను. నా కింద ఊడ్చే మనిషి తప్ప ఎవరూ లేరు.

ఆపరేషన్ జరిగేటప్పుడు గదిలో రెండు రకాల మనుషులుంటారు. చేతులు కడుక్కుని, ఆవిరిలో శుద్ధి చేసిన గౌన్లు, గ్లౌజులు వేసుకున్నవాళ్ళు ఒక రకం. వాళ్ళు శుద్ధి చేసిన వస్తువును తప్ప దేన్నీ ముట్టుకోకూడదు. ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు. రెండో రకం బయటి మనిషి. లైటు జరపడం, కుట్ల దారం పొట్లం విప్పి అందించడం, మందు సీసా తెచ్చి చూపించడం బయటి మనిషి పని. ఆ మనిషిని నేను. అందుకే సారు సీడీ మార్చమన్నప్పుడు మార్చవలసింది కూడా నేనే.

సారుకు పాశ్చాత్య సంగీతమంటే ప్రాణం. హైదరాబాద్‌లో డాక్టరీ చదివే రోజుల్లో పట్టుకున్నదట. థియేటర్ మూలన ఒక పాత ప్లేయరు, అట్టపెట్టెలో కాగితపు కవర్లలో సీడీలు ఉండేవి. అవన్నీ రొమాంటిక్ కాలం వాళ్ళవని సారు ఒకరోజు చెప్పారు. చేతులు కడుక్కుంటున్న హెడ్ సిస్టర్ ఎస్తేరు ఆ మాట విని నా చెవిలో, "ఈ వయసుల సారుకు రొమాంటిక్ ఏందే సాయవ్వా?" అంది. ఆమె గుసగుస అంటే నాలుగు గదులకు వినబడుతుంది.

"నువ్వనుకునేది కాదు సిస్టర్" అన్నారు సారు. "దగ్గర దగ్గర రెండొందల ఏండ్ల కిందటి ముచ్చట. అంతకుముందు సంగీతం ఎక్కువ దర్బారు కోసం, చర్చి కోసం రాసేటోళ్ళు. వీళ్ళొచ్చి, నా మనసుల ఏమున్నదో అదే రాస్త అన్నరు."

"మా చర్చి జోలికి రాకుండ్రి సారూ" అంది సిస్టర్. కోతకు ముందు ఆ గదిలో అంత నవ్వు అరుదు.

మొదట్లో నాకు ఆ సంగీతం గోలగా ఉండేది. పాట లేదు, మాట లేదు. కానీ మూడు గంటల ఆపరేషన్‌లో బయటి మనిషికి నిలబడటమే ఎక్కువ పని. చెవులకు ఏదో ఒకటి కావాలి. వినగా వినగా నలుగురు మనుషులు నాకు విడివిడిగా తెలియడం మొదలైంది.

ఒకాయనది పోలండ్ దేశం. ఆయనది దాదాపు అంతా పియానో ఒక్కటే. ఎడమ చెయ్యి ఊయల ఊపినట్టు ఒకే తీరుగా పోతుంటుంది. కుడి చెయ్యి దాని మాట వినదు, రావలసిన చోటికి ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది. పనిలో ఆలస్యమైతే నేను తిట్లు తిన్నాను. ఈయన ఆలస్యం మాత్రం ఎందుకో బాగుంటుంది. ఎందుకని సారును అడిగితే, "ఎడమ చెయ్యి టైముకు ఉన్నది గనుక" అన్నారు. నేను ఆయనకు ఒంటరాయన అని పేరు పెట్టుకున్నాను.

రెండో ఆయన జర్మనీ ఆయన, పెద్ద గడ్డం ఆయన. ఆయన సంగీతం బొంత కప్పుకున్నట్టు ఉంటుంది. పైన ఒక రాగం నడుస్తుంటే కింద మరొకటి, దాని కింద ఇంకొకటి. చెప్పదలచుకున్నది ఎప్పుడూ సూటిగా చెప్పడు. ఆయన్ను బొంతాయన అనుకునేదాన్ని. మూడో ఆయన రష్యా వాడు, బాకాలాయన. భయపెట్టడం, ఏడిపించడం రెండూ ఆయనకు వచ్చు. బాకాలతో మొదలయ్యే ఆయన సీడీలోనే కొంతదూరం పోయాక వయొలిన్ల వాళ్ళందరూ కమానులు పక్కన పెట్టి తీగలను వేళ్ళతో గిల్లుతారు. రేకుల మీద వడగండ్లు పడ్డట్టు ఉంటుంది. అంత కోపిష్ఠికి ఆ అల్లరి ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాలుగో ఆయనదీ జర్మనీయే. ఆయనవి చిన్న చిన్న ముక్కలు. మాట మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ఇంకో మాట అందుకుంటాడు. ఆయన సీడీలో ఒక్క ముక్క మాత్రం నిలకడగా, ఎక్కడా ఆగకుండా సాగేది. ఆ రోజు ఆయనకు ఇంట్లో సుఖంగా ఉండి ఉంటుందని అనుకునేదాన్ని.

ఈ నలుగురి అసలు పేర్లు ఇక్కడ రాయడం లేదు. తెలుగులో ఒక్కో పేరును ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తున్నారు. ఏది సరైనదో నాకు నమ్మకం కుదరలేదు. సరిచూసుకోని పేరు రాయకూడదన్న అలవాటు నాకు ఎలా వచ్చిందో కింద చెబుతాను.

అప్పటికి నాకు యాభై దాటాయి. చదువు రాదు. బీబీపేట దగ్గర మా ఊళ్ళో బడి ఉన్నా నేను పోలేదు. ఆస్పత్రిలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. జీతం కాగితం మీద సంతకం మాత్రం నేర్చుకున్నాను. సీడీలన్నీ ఒకే గుండ్రం, ఒకే మెరుపు. వాటి మీద సారు మార్కరుతో ఇంగ్లీషులో పేర్లు రాసేవారు. అవి నాకు పనికిరావు కాబట్టి కవర్ల మీద టేపు ముక్కలు అంటించాను. అది ఆవిరి పెట్టెలో పెట్టే గుడ్డల మూటలకు వేసే టేపు. సరైన వేడి తగిలితే దాని మీద నల్ల చారలు వస్తాయి. చార వచ్చిన మూట శుద్ధి అయినట్టు, రానిది కానట్టు. అది చదువుతో పనిలేని టేపు, అందుకే నాకు ఇష్టం. ఒంటరాయనకు ఒక ముక్క, బొంతాయనకు రెండు అడ్డంగా, బాకాలాయనకు కత్తెర గుర్తు, నాలుగో ఆయనకు రెండు చిన్న ముక్కలు ఎడంగా. రెండేళ్ళు ఒక్కసారి కూడా తప్పలేదు.

అప్పుడు సుజాత అనే కొత్త స్టాఫ్ నర్సు చేరింది. బిచ్కుంద పిల్ల, చురుకైనది. టేపు జిగురు దుమ్ము పడుతుందని, థియేటర్‌లో దుమ్ము ఉండకూడదని ఒక సోమవారం కవర్ల మీది ముక్కలన్నీ పీకేసింది. అట్టపెట్టె పారేసి, కడగడానికి వీలైన ప్లాస్టిక్ పెట్టెలో సీడీలను ఇంగ్లీషు అక్షరాల వరుసలో పెట్టింది. నిబంధన ప్రకారం ఆమె చేసింది సరైన పని.

మంగళవారం మొదటి కేసు నస్రుల్లాబాద్ నుంచి వచ్చిన బీడీలు చుట్టే ఆవిడ, లింగవ్వ. గర్భసంచి తీయాలి. నడుము కింద మాత్రమే తిమ్మిరెక్కించే మత్తు సూది. దానికి రోగి బల్ల మీద కూర్చుని, దిండును కౌగిలించుకుని, వెన్ను వంచాలి. మత్తు డాక్టరు వెన్నుపూసల సందులోంచి సన్నని సూది దించుతాడు. ఆ కొద్దిసేపు రోగి కదలకూడదు. లింగవ్వ భుజాలను ఎస్తేరు సిస్టర్ పట్టుకుంది. లింగవ్వ వణుకు చూసి, చేతులు కడుక్కుంటున్న సారు, "సాయవ్వా, పియానో పెట్టు" అన్నారు.

పెట్టె చూశాను. టేపులు లేవు. సుజాత నా పక్కనే ఉంది. ఇందులో పియానో ఏదని అడిగితే సరిపోయేది. కానీ అడిగితే తెలిసిపోతుంది. ఒంటరాయన ఎప్పుడూ కుడి చివర ఉండేవాడు కదా అని కుడి చివరిది తీసి పెట్టాను.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత బాకాలు.

లింగవ్వ ఉలిక్కిపడి నిటారుగా లేచింది. మత్తు డాక్టరు సూది బయటికి లాగేశాడు. "బంద్ చెయ్యుండ్రి! ఎవలది ఆ పని?" అని అరిచాడు. నా చెయ్యి మీటను వెతుక్కునేలోపు సుజాతే ఆపేసింది. సూది రెండోసారి గుచ్చవలసి వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ వెన్నులో అలా రెండు పోట్లు పడితే కొందరికి తలనొప్పి వస్తుంది. లింగవ్వకు వచ్చింది. మూడు రోజులు తల ఎత్తలేక వెల్లకిలా పడుకుంది. నేను మంచం దగ్గరికి పోతే కళ్ళు మూసుకునే, "ఏందవ్వా, నాకు సూది పొడుస్తుంటే పెండ్లి బరాత్ తీసినవా?" అంది. పక్క మంచాల వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆపరేషన్ జరిగిన మంగళవారం సాయంత్రమే సారు నన్ను పిలిచారు.

"పేరు చూడలేదా?"

"నాకు చదువు రాదు సారూ."

ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి ఒరిగి, "మరి ఇన్నేండ్లు మందు సీసాలు ఎట్ల తెస్తున్నవు?" అన్నారు.

"మూత రంగు సారూ. సీసా పొట్టిదా పొడుగుదా చూస్త. ఒక్కసారి తప్పలే."

"కంపెనీవోడు రేపు మూత రంగు మారిస్తే?"

మందు సీసాను అందించేవారు ఒకసారి, సూదిలోకి తీసేవారు ఒకసారి, పేరు పైకి చదవాలన్నది థియేటర్ నియమం. నేను అందించి, పేరు నర్సు నోట విని, అదే మళ్ళీ అనేదాన్ని. ఇద్దరు చూడవలసిన చోట నా వల్ల ఒక్కరే చూస్తున్నారు. ఈ సంగతి నాకంటే ముందు సారుకు అర్థమైంది.

"రేపటి నుంచి బట్టల గదికి పో. లేబుల్ చదువవచ్చిన నాడు రా. రాకుంటే అక్కడనే ఉండు" అన్నారు. జీతం తగ్గించలేదు. కానీ థియేటర్ చూసినవాళ్ళకు బట్టల గది ఎంత దూరమో తెలుస్తుంది. అది ఆస్పత్రి వెనక ఉండేది. థియేటర్ గోడకు ఏసీ పైపు వేసిన కంత ఒకటుంటే, అక్కడ నిలబడి గౌన్లు మడతపెట్టేదాన్ని. బొంతాయనవి కింది స్వరాలు మాత్రం వినబడేవి, పైవి కావు. ఆయనలో కింద అంత జరుగుతుందని నాకు అక్కడే తెలిసింది.

సుజాత మరునాడే వచ్చి, "నావల్లనే అయింది అవ్వా" అంది. "నీవల్ల కాదు బిడ్డా, బయటపడ్డది గంతే" అన్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట ఆమె తెలుగు అక్షరాలు నేర్పింది. ఇంగ్లీషు అక్షరాలు ఎస్తేరు సిస్టర్ ఖాళీ మందు డబ్బాల మీద చూపించింది. సిస్టర్ పద్ధతి కఠినం. ఒక డబ్బా తప్పు చదివితే, "సచ్చిండు నీ పేషెంటు. ఇంకోన్ని పట్టుకరా" అనేది. ఆ వానకాలంలో నా చేతిలో చాలామంది చచ్చారు. మరుసటి ఎండాకాలానికి డబ్బాల మీది పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగాను. చిన్న అక్షరాలకు ఇంకో నాలుగు నెలలు పట్టింది.

చిన్న అక్షరాల సాధనకు సుజాత సీడీ కవర్లు తెచ్చింది. వాటిలో మడిచిపెట్టిన కాగితాలున్నాయి. ఏ ముక్క ఎవరు రాశారో, ఎంతసేపో వాటిలో ఉంటుంది. నాలుగో ఆయన కాగితం మీద వరుసగా వేలు పెట్టి చదువుతూ పోతే, నిలకడగా సాగే ఆ ముక్క దగ్గర ఇంటిపేరు అదే ఉంది కానీ ముందు పేరు వేరేగా ఉంది. రెండుసార్లు చదివాను. తప్పు చదివానేమోనని సుజాతతో చదివించాను. ఆడమనిషి పేరు. ఇద్దరం పోయి సారును అడిగాం. ఆయన కాగితం తీసుకుని కళ్ళద్దాలు పైకెత్తి చూశారు.

"ఆయన భార్య. గొప్ప పియానో మనిషి" అన్నారు. "ఈమె రాసింది ఇందుల ఉన్నదని నేనే ఇంతవరకు చూడలే. సీడీ మీద ఆయన పేరొక్కటే రాసుకున్న." కాగితం తిరిగి ఇస్తూ, "ఆయన కన్నా ఈమె చాలా ఏండ్లు ఎక్కువ బతికింది. ఎనిమిది మంది పిల్లలు, ఊరూరా కచేరీలు" అన్నారు.

అంతకాలం ఆమె పనిని ఆయన ఖాతాలో వేసి, ఆయన మనసు బాగున్న రోజు అని మెచ్చుకున్నాను. విన్నది నిజమే, ఆ తేడా నిజమే. మనిషిని మాత్రం తప్పుగా ఊహించాను. చెవి తేడాను చెబుతుంది, పేరును చెప్పదు.

సారు ఆ రోజే అలమర తెరిచి రెండు సీసాలు నా చేతిలో పెట్టారు. ఒకే పొడవు, ఒకే రంగు మూత. ఒకటి నొప్పి మందు, ఇంకొకటి గుండె వేగాన్ని మార్చేది. రెండూ చదివాను. మెల్లగా చదివాను కానీ తప్పు లేకుండా చదివాను. "మెల్లగనే చదువు. తొందర నీకు లేదు, నాకు లేదు" అన్నారు. మరుసటి శుక్రవారం థియేటర్‌కు తిరిగి వచ్చాను. మొదటి కేసులో మందు పేరు నేను పైకి చదివాను, సుజాత పైకి చదివింది.

నేను పోయిన ఏడాది రిటైరయ్యాను. ఈ వ్యవహారం నాకు నేర్పింది పనికి సంబంధించిన సంగతి ఒక్కటే. ఒక మనిషికే తెలిసిన గుర్తు ఆ మనిషి ఉన్నంతసేపే పనిచేస్తుంది, థియేటర్‌కు అది చాలదు. తిరిగి వచ్చాక నా అలమరలో ప్రతి అరకూ, శుద్ధి చేసిన గుడ్డలు పెట్టే ప్రతి డ్రమ్ముకూ తెలుగులో, ఇంగ్లీషులో పేర్లు రాసి అంటించాను. నా ఆఖరి శుక్రవారం నా తర్వాత చేరిన ఆయా, నేను తలుపు దగ్గర నిలబడి చూస్తుండగా, నన్ను ఒక్క మాట కూడా అడగకుండా థియేటర్ సిద్ధం చేసింది.